గోడ అవతల రోడ్డు పడింది, ఇంటి ధర తగ్గింది... పరిహారం వస్తుందా?

పోయిన నెల కేటీలో ఒక స్నేహితురాలి ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. భోజనాల దగ్గర మాటలన్నీ వాళ్ల పెరటి కంచె అవతలి రోడ్డు చుట్టూనే తిరిగాయి. రెండు లేన్ల కౌంటీ రోడ్డును నాలుగు లేన్లు చేస్తున్నారు. ఏడాదిగా దుమ్ము, మట్టి లారీలు, తెల్లవారకముందే మొదలయ్యే యంత్రాల మోత. "ఇల్లు అమ్మకానికి పెట్టి నాలుగు నెలలైంది. వచ్చినవాళ్లు వంటిల్లు బాగుందంటారు, మేడ మీద గదులు బాగున్నాయంటారు. పెరటి తలుపు తీసి రెండు నిమిషాలు నిలబడతారు. అంతే, మళ్లీ ఫోన్ చెయ్యరు" అంది ఆవిడ. ధర అప్పటికే రెండుసార్లు తగ్గించారట.

వెంటనే సలహాలు మొదలయ్యాయి. "కౌంటీ మీద కేసు వెయ్యండి వదినా, అమెరికాలో దేనికైనా డబ్బులిస్తారు" అని ఒకరు. "గ్రీన్ కార్డు చేతికి రాకుండా ప్రభుత్వంతో గొడవెందుకండీ" అని ఇంకొకరు. "రోడ్డు పడితే విలువ పెరగాలి గానీ తగ్గడమేమిటమ్మా" అని పిల్లల దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, ఎక్కువ పొరపాటు ఉంది. నేను లాయర్ని కాదు, సైన్సు చదువుకున్న గృహిణిని. కానీ ఆ సంభాషణ మనసులో ఉండిపోయి, చట్టాలు, తీర్పులు, ప్రాజెక్టు కాగితాలు తీసి చదివాను. మనలో చాలామంది సంపాదనంతా ఈ ఇళ్లలోనే ఉంది కాబట్టి, నాకు అర్థమైనది అందరితో పంచుకుంటున్నాను.

"తీసుకోవడం" వేరు, "దెబ్బతీయడం" వేరు

అమెరికా రాజ్యాంగం ఐదో సవరణ ప్రకారం ప్రజావసరం కోసం ప్రైవేటు ఆస్తిని తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలి. అక్కడ ఉన్న మాట "తీసుకోవడం". రోడ్డు కోసం మీ పెరట్లో పదడుగులు కలుపుకుంటే ఆ పదడుగులకు డబ్బివ్వాలి. టెక్సస్ చట్టం ప్రకారం అలా కొంత భాగం తీసుకున్నప్పుడు మిగిలిన స్థలం విలువ తగ్గితే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఇంతవరకు చిక్కు లేదు.

మరి అంగుళం కూడా తీసుకోకుండా, కంచె అవతలే అంతా కట్టేసి, మీ ఇంటి విలువ పడగొడితే? పందొమ్మిదో శతాబ్దంలో నగరాలు పెరుగుతూ రైళ్లు, వంతెనలు వచ్చినప్పుడే ఈ ప్రశ్న పుట్టింది. వీధిని ఎత్తు చేస్తే ఇల్లు గుంటలో పడిపోయేది. ఇంటిముందు వంతెన కడితే బండి వచ్చే దారి పోయేది. "మీ స్థలం మేం ముట్టుకోలేదుగా" అని ప్రభుత్వాలు చేతులు దులుపుకొనేవి. అందుకని ఇల్లినాయి రాష్ట్రం 1870లో తన రాజ్యాంగంలో "తీసుకున్నా, దెబ్బతీసినా" పరిహారం ఇవ్వాలని ఒక మాట చేర్చింది. 1882లో షికాగోలో ఒక ఇంటికి దగ్గర్లో కట్టిన వంతెన వల్ల పెద్ద వీధికి దారి మూసుకుపోతే, యజమాని స్థలం ఒక్క గజం పోకపోయినా ఇదే మాట ఆధారంగా ఆయన పరిహారానికి అర్హుడని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ తర్వాత సుమారు సగం రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి. టెక్సస్ 1876 రాజ్యాంగంలో "తీసుకున్నా, దెబ్బతీసినా, నాశనం చేసినా" అని ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, జార్జియా, వర్జీనియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లోనూ "దెబ్బతీసినా" అన్న మాట ఉంది. న్యూజెర్సీ, ఫ్లోరిడాల్లో ఆ మాట లేదు. కాబట్టి డాలస్‌లో ఉన్న బావగారికి వర్తించిన సలహా ఎడిసన్‌లో ఉన్న మరదలికి వర్తించకపోవచ్చు. ముందు మీ రాష్ట్ర రాజ్యాంగంలో ఏ మాట ఉందో చూసుకోవాలి.

ప్రభుత్వమే భూమి అడిగి, లెక్కగట్టి, పరిహారం ఇస్తే అది మామూలు భూసేకరణ. ప్రభుత్వం ఏమీ అడగకుండానే నష్టం చేస్తే, యజమానే కోర్టుకెళ్లి "నా ఆస్తిని మీరు వాడేసుకున్నారు, డబ్బివ్వండి" అనాలి. దీన్ని ఇన్వర్స్ కండెమ్నేషన్ అంటారు. అంటే తిరగేసిన భూసేకరణ. మా స్నేహితురాలు కేసు వేస్తే అది ఈ కోవలోకి వస్తుంది.

అందరి కష్టానికి ఖరీదు లేదు

"దెబ్బతీసినా పరిహారం" అని రాజ్యాంగంలోనే ఉంటే ఇక చింతేముంది అనిపిస్తుంది. కోర్టులు ఆ మాటకు పెట్టిన హద్దు ఇక్కడ అడ్డొస్తుంది. నష్టం ఎంత పెద్దది అన్నది కాదు వాళ్లు మొదట చూసేది. ఆ నష్టం మీ ఒక్కరిదా, ఊరందరిదా అని చూస్తారు.

దీనికి పాతదైనా స్పష్టమైన ఉదాహరణ 1914లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన రిచర్డ్స్ తీర్పు. వాషింగ్టన్ నగరంలో ఒకాయన ఇంటి దగ్గర రైలు సొరంగం ఉండేది. రైళ్ల చప్పుడు, అదురు, పొగ మామూలే. దానికి తోడు సొరంగంలోని పొగంతటినీ ఫ్యాన్లు పెట్టి ఒక చోటి నుంచి బయటికి తోసేవారు, అది నేరుగా ఆయన ఇంటి మీదికి వచ్చేది. రైలు మార్గం పక్కనున్న అందరూ భరించే చప్పుడు, అదురు, పొగలకు పరిహారం లేదని, ఫ్యాన్లు ప్రత్యేకంగా ఈయన ఇంటి మీదికి తోసిన పొగకు మాత్రం పరిహారం ఇవ్వాలని కోర్టు విడదీసి చెప్పింది. వందేళ్లు దాటినా ఆలోచన ఇప్పటికీ అదే.

టెక్సస్‌లో ఆస్టిన్ వైపు 183 హైవేను పైకెత్తి కట్టినప్పుడు పక్కనున్న స్థల యజమానులు నాలుగు నష్టాలు చూపించారు. ట్రాఫిక్ పైనుంచి వెళ్లిపోతోంది, మా దగ్గరికి రావాలంటే చుట్టూ తిరగాలి, రోడ్డు మీదికి మా స్థలం కనిపించడం లేదు, కట్టేటప్పుడు నానా ఇబ్బంది పడ్డాం అని. 1993లో ష్మిట్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు నాలుగింటినీ కొట్టేసింది. ఇవి ఆ దారి పొడవునా అందరికీ ఉన్నవే అంది. విశేషమేమిటంటే వాళ్ల స్థలంలో కొంత ముక్క తీసుకున్నారు కూడా. అయినా ఈ నాలుగింటికీ డబ్బు రాలేదు.

అదే టెక్సస్‌లో, వేకో నగరంలో, వంతెన కట్టాక ఒక ఇల్లు మూసుకుపోయిన సందు చివర మిగిలిపోయింది. 1965లో డుపుయ్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు దానికి పరిహారం ఉందని చెప్పింది. ఇంటికి వచ్చే దారి బాగా దెబ్బతినడం ఆ ఇంటికి ప్రత్యేకమైన నష్టం కాబట్టి.

ఇప్పుడు మా స్నేహితురాలి సంగతి ఈ తీర్పుల పక్కన పెట్టి చూడండి. దుమ్ము, చప్పుడు, ట్రాఫిక్ ఆ రోడ్డు వెంట ఉన్న ఇళ్లన్నిటికీ ఉన్నాయి. ఇంటికి వచ్చే దారి ముందు వీధిలో ఉంది, దానికేమీ కాలేదు. ఇల్లు అమ్ముడుపోకపోవడం నిజమైన కష్టమే, కానీ పరిహారం వచ్చే కష్టం కాదు. మనవాళ్లకు ఇది మింగుడుపడదు. పదిమందికీ నష్టం జరిగితే పరిహారం ఇంకా తప్పకుండా రావాలని మనం అనుకుంటాం. ఇక్కడి చట్టం సరిగ్గా దానికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. పదిమందికీ జరిగిందంటే అది ఊళ్లో బతుకుతున్నందుకు అందరూ పంచుకునే భారం కింద లెక్క.

నీళ్లు వస్తే కథ మారుతుంది

చప్పుడు గోడ దాటి వచ్చినా కోర్టు పెద్దగా పట్టించుకోదు. నీళ్లు గోడ దాటి వస్తే పట్టించుకుంటుంది. ఈ తేడా మా కేటీ ప్రాంతం వాళ్లకు 2017లో హార్వే తుఫానుతో అనుభవంలోకి వచ్చింది.

1929, 1935 వరదల తర్వాత హ్యూస్టన్ నగరాన్ని కాపాడటానికి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ బార్కర్, ఆడిక్స్ అనే రెండు మట్టి ఆనకట్టలు కట్టింది. బార్కర్ 1945లో, ఆడిక్స్ 1948లో పూర్తయ్యాయి. మామూలు రోజుల్లో వాటి వెనక నీళ్లుండవు, నడక దారులు, ఆట మైదానాలు ఉంటాయి. బార్కర్ వెనక ప్రభుత్వం 95 అడుగుల ఎత్తు వరకున్న భూమి మాత్రమే కొన్నది. ఆనకట్ట మాత్రం అంతకంటే ఎత్తుగా నీళ్లు ఆపగలదు. ఆ మధ్యలో మిగిలిన భూమిలో అప్పట్లో వరి పొలాలు, పశువుల మేత భూములు ఉండేవి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అక్కడ కాలనీలు లేచాయి. మనవాళ్లెందరో స్కూళ్లు బాగున్నాయని అక్కడే ఇళ్లు కొన్నారు. 2017 ఆగస్టు 30న బార్కర్ వెనక నీటి మట్టం 101.6 అడుగులకు చేరింది. వేల ఇళ్లలోకి నీళ్లొచ్చి రోజుల తరబడి నిలిచాయి.

ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని కాలనీల ప్లాట్ మ్యాపుల అడుగున, ఈ స్థలం బార్కర్ రిజర్వాయర్‌ను ఆనుకుని ఉంది, నీళ్లు నిలిచే అవకాశం ఉంది అన్న అర్థం వచ్చే వాక్యం చిన్న అక్షరాల్లో ఉంది. ఇల్లు కొనేటప్పుడు గ్రానైట్ రంగు గురించి మూడు వారాలు ఆలోచించిన మనం ఆ మ్యాపు తెరిచి చూడలేదు.

బాధితులు ఫెడరల్ ప్రభుత్వం మీద వాషింగ్టన్‌లోని కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌లో కేసులు వేశారు. ఆనకట్టకు పైవైపున్న వాళ్ల కేసులో పదమూడు ఇళ్లను నమూనాగా తీసుకుని విచారించారు. జడ్జి చార్లెస్ లెటో 2019 డిసెంబరులో యజమానుల పక్షాన తీర్పిచ్చారు. ఆనకట్ట కట్టిన తీరు, నడిపిన తీరు చూస్తే ప్రైవేటు భూముల్లో నీళ్లు నిలుస్తాయని ప్రభుత్వానికి ముందే తెలుసు, అంటే వాళ్ల భూమిని నీళ్లు నిలుపుకోవడానికి వాడుకున్నట్టే అన్నారు. 2022లో ఆరు నమూనా ఇళ్లకు పరిహారం లెక్కగట్టారు. ఆనకట్టకు దిగువనున్న వాళ్ల కేసును మరో జడ్జి 2020లో కొట్టేస్తే, 2022లో అప్పీలు కోర్టు ఆ కొట్టివేతను రద్దు చేసి మళ్లీ విచారించమంది.

హైవే కట్టడం వల్ల వచ్చిన నీళ్ల కేసు కూడా ఇక్కడిదే. హ్యూస్టన్, బోమాంట్ మధ్య ఇంటర్‌స్టేట్ 10ను బాగుచేసినప్పుడు రాష్ట్ర రవాణా శాఖ రోడ్డు మధ్యలో సుమారు మూడడుగుల కాంక్రీటు గోడ కట్టింది. వరదొచ్చినా దక్షిణం వైపు లేన్లు మునగకుండా, జనం బయటపడే దారి తెరిచి ఉండాలని. ఉద్దేశం మంచిదే. కానీ ఆ గోడ ఆనకట్టలా పనిచేసి 2017 హార్వేలో, మళ్లీ 2019 ఇమెల్డా తుఫానులో ఉత్తరం వైపు పొలాలను ముంచింది. వందమందికి పైగా యజమానులు కోర్టుకెళ్లారు. ఆ డివిలియర్ కేసు అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో జడ్జీలందరూ ఏకగ్రీవంగా, టెక్సస్ చట్టంలోనే పరిహారం అడిగే దారి ఉంది కాబట్టి ఆ దారిలో కేసు నడవనివ్వండి అన్నారు. గెలిచారని దీనర్థం కాదు, తలుపు మూయలేదని అర్థం.

అయితే నీళ్లొచ్చిన ప్రతివాళ్లూ గెలవరు. హ్యూస్టన్‌లోని వైట్ ఓక్ బయూ దగ్గర నాలుగు వందల మందికి పైగా వేసిన కెర్ కేసులో 2016లో టెక్సస్ సుప్రీంకోర్టు వాళ్లకు వ్యతిరేకంగా చెప్పింది. పైన కొత్త కాలనీలకు అనుమతులిచ్చి, వరద కాలువలు పూర్తి చెయ్యకపోవడం ప్రభుత్వం చేసిన "పని" కిందికి రాదంది. ఈ కేసుల్ని పక్కపక్కన పెడితే ఒక నమూనా కనిపిస్తుంది. ప్రభుత్వం ఏదో ఒకటి కట్టి ఉండాలి లేదా చేసి ఉండాలి. ఫలానా చోట నష్టం జరుగుతుందని దానికి తెలిసి ఉండాలి. ఆ నష్టం మీ ఆస్తికి ప్రత్యేకంగా తగలాలి. చెయ్యాల్సిన పని చెయ్యలేదన్న ఫిర్యాదు ఎన్నికల్లో చెప్పుకోవాలే గానీ కోర్టులో నిలవడం కష్టం.

భయం తినేసిన గడువు

మా ఇంటికి మూడు వీధుల అవతల ఒక అక్క ఉంటుంది. హార్వేలో వాళ్లింట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. అప్పుడు వాళ్లాయనది హెచ్1బి. కాలనీలో అందరూ లాయర్ల దగ్గర సంతకాలు పెడుతుంటే వీళ్లు పెట్టలేదు. "ఈ దేశంలో ఉండనిచ్చేదే ప్రభుత్వం, దాని మీదే కేసా" అనుకున్నారు. కేసు గెలిచాక అందరితోపాటు మనకీ ఇస్తారులే అనీ అనుకున్నారు. ఫెడరల్ ప్రభుత్వం మీద ఇలాంటి దావాకు గడువు ఆరేళ్లు. అది 2023 ఆగస్టుతో అయిపోయింది. ఆ కోర్టులో ఎవరికి వారు పేరు నమోదు చేసుకోవాలి, ఒకరు గెలిస్తే పక్కింటివాళ్లకు దానంతటది రాదు. ఇవాళ పక్కింటి అమెరికన్ కుటుంబం వరసలో నిలబడి ఉంది. వీళ్లు వరసలోనే లేరు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువగా వినిపించింది. అదే నాకు బాధనిపించింది.

అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆస్తికి పరిహారం అడిగే హక్కు పౌరులకే అని రాజ్యాంగంలో లేదు. 1931లోనే ఒక రష్యన్ నౌకా సంస్థ వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, విదేశీయుల ఆస్తి తీసుకున్నా పరిహారం ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఇంటి పన్ను కట్టించుకునేటప్పుడు మన వీసా ఏమిటని ఎవరూ అడగలేదు కదా.

రాష్ట్రం, కౌంటీల మీద వేసే కేసులకు గడువు ఇంకా తక్కువ ఉండొచ్చు. టెక్సస్‌లో ఆస్తి దెబ్బతిన్న కేసులకు రెండేళ్లే అని చెప్పిన తీర్పులున్నాయి. కాబట్టి చూద్దాంలే అని కూర్చోకుండా మొదటి ఏడాదిలోనే ఈ రకం కేసులు చేసే లాయరుతో ఒక గంట మాట్లాడటం మంచిది.

చప్పుడుకు డబ్బు రాదు, గోడ రావచ్చు

చప్పుడుకు పరిహారం లేకపోయినా, ఫెడరల్ నిధులతో కట్టే హైవేలకు ఒక నియమం ఉంది. కొత్తగా కట్టినా, లేన్లు పెంచినా ముందే శబ్దం ఎంత పెరుగుతుందో లెక్కగట్టాలి. ఇళ్ల దగ్గర అది 67 డెసిబెల్స్‌కు దగ్గరగా వచ్చినా, ఇప్పుడున్న దానికంటే బాగా పెరిగినా శబ్ద నిరోధక గోడ కట్టే విషయం పరిశీలించాలి. గోడ కావాలా వద్దా అని దాని వల్ల లాభపడే ఇళ్లవాళ్ల అభిప్రాయం అడుగుతారు. ఆ కాగితం పోస్టులో వస్తుంది. ప్రకటనల కాగితాలతో కలిపి చెత్తబుట్టలో వేశామా, మన అభిప్రాయం లెక్కలోకి రాకుండా పోతుంది.

ఇక్కడ నా పాత భౌతికశాస్త్రం కొంచెం పనికొచ్చింది. డెసిబెల్ మామూలు కొలత కాదు, లాగరిథమ్ కొలత. అదే వేగంతో వెళ్లే బళ్లు రెట్టింపైతే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. 10 పెరిగితే చెవికి రెట్టింపు మోతలా అనిపిస్తుంది. కాబట్టి నివేదికలో "3 డెసిబెల్స్ పెరుగుదల" అని చూసి ఇంతేనా అనుకోవద్దు, బళ్లు రెట్టింపైనా అంతే కనిపిస్తుంది. అలాగే "ట్రాఫిక్ రెట్టింపు" అని వినగానే మోత రెట్టింపవుతుందని హడలిపోవద్దు. సభలో ఈ లెక్క తెలిసి అడిగిన ప్రశ్నకు ఇంజినీర్లు జవాబు చెప్పక తప్పదు.

ఇంకో మెలిక ఉంది. ప్రాజెక్టు పర్యావరణ అనుమతి వచ్చి, అది ప్రజలకు తెలిసినట్టుగా లెక్కించే తేదీ ఒకటుంటుంది. ఆ తేదీ తర్వాత అనుమతి తెచ్చుకుని కట్టిన ఇళ్లకు గోడ కట్టాల్సిన బాధ్యత ఆ ప్రాజెక్టు మీద ఉండదు. బిల్డరు కొత్త ఫేజులో, రోడ్డు వైపు లాటు కాస్త చవగ్గా ఇస్తున్నాడంటే ముందు ఆ తేదీ కనుక్కోండి.

వేరే చోట్ల ఎలా ఉంది?

ఇది ఇలాగే ఉండాలని లేదు. బ్రిటన్‌లో 1973 నాటి ల్యాండ్ కాంపెన్సేషన్ చట్టం మొదటి భాగం ప్రకారం, అంగుళం భూమి తీసుకోకపోయినా, కొత్త రోడ్డు వాడకం వల్ల ఇంటి విలువ తగ్గితే పరిహారం అడగొచ్చు. చప్పుడు, అదురు, వాసన, పొగ, వాహనాల వాయువులు, కృత్రిమ వెలుతురు, స్థలంలోకి వచ్చి పడే ఘన ద్రవ పదార్థాలు, ఈ ఏడింటిని లెక్కలోకి తీసుకుంటారు. దృశ్యం పోయిందంటే ఇవ్వరు. ఉన్న రోడ్డు మీదే బళ్లు పెరిగాయంటే ఇవ్వరు. రోడ్డు తెరిచిన ఏడాది తర్వాత మొదలుపెట్టి ఆరేళ్ల లోపు అడగాలి. రోడ్డు తెరవకముందే ఇల్లు మీదై ఉండాలి. అక్కడున్న మన తెలుగువాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అందరికీ జరిగిన నష్టాన్ని కూడా అందరి డబ్బుతో పూడ్చవచ్చని ఒక దేశం యాభై ఏళ్ల కిందటే నిర్ణయించుకుందంటే, ఇక్కడ అసాధ్యమనే వాదన నాకు నిలబడేలా అనిపించడం లేదు. అది కోర్టులు ఇచ్చేది కాదు, చట్టసభలు చెయ్యాల్సింది.

మనలో చాలామందికి హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఫ్లాటో, స్థలమో ఉంటుంది. "మా బాల్కనీ ముందు ఫ్లైఓవర్ వచ్చింది, అక్కడేమైనా వస్తుందా" అని అడుగుతుంటారు. 2013 భూసేకరణ చట్టంలో మిగిలిన ఆస్తికి జరిగే నష్టాన్ని లెక్కగట్టే వీలుంది గానీ, అది భూమి తీసుకున్నవాళ్లకే. ఏమీ తీసుకోకపోతే ఆ చట్టం కింద ఏమీ రాదు. దూరంగా ఉన్నవాళ్లకు అసలు ప్రమాదం గడువులతోనే. ఆ చట్టం కింద ప్రాథమిక ప్రకటన వచ్చాక అభ్యంతరాలకు 60 రోజులు. జాతీయ రహదారుల చట్టం కిందైతే 21 రోజులే. ప్రకటన అక్కడి పేపర్లో పడి, మన చెవిన పడేసరికి గడువు దాటిపోతుంది. దగ్గరున్న మనిషి ఒకరు అప్పుడప్పుడూ కనుక్కుంటూ ఉండాలి.

మరి మనం చెయ్యగలిగేది

మొదటిది, కొనేముందు చూడటం. ప్లాట్ మ్యాపు అడుగున ఉన్న వాక్యాలు చదవండి. కౌంటీ, రాష్ట్ర రవాణా శాఖల ప్రణాళిక మ్యాపుల్లో మీ వీధి దగ్గర ఏ గీతలున్నాయో చూడండి. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు నుంచి పాత ఇల్లు అమ్మేవాళ్లు గతంలో నీళ్లొచ్చాయా, ఇల్లు రిజర్వాయర్ నీళ్లు నిలిచే ప్రాంతంలో ఉందా అన్నది రాసివ్వాలి. ఆ పత్రం సంతకానికి ముందు చదవండి.

రెండోది, కట్టకముందే మాట్లాడటం. ప్రజాభిప్రాయ సభల్లో చెప్పిన మాట, రాసిచ్చిన ఉత్తరం రికార్డులోకి వెళుతుంది. నేను ఇటీవల ఒక సభకు వెళ్లాను. మా కాలనీలో సగం మంది మనవాళ్లే, సభలో మనవాళ్లం ముగ్గురం. కట్టేశాక కోర్టులో కొట్టుకుపోయే అభ్యంతరాలే కాగితం మీద గీత గీసేటప్పుడు వంపు తిప్పించగలవు. చప్పుడు, ట్రాఫిక్, దారి మళ్లింపు గురించి అడగడానికి సరైన చోటు అదే.

మూడోది, మీ భూమి నిజంగానే అడిగితే మొదటి ధరకే సంతకం పెట్టకపోవడం. టెక్సస్‌లో భూయజమాని హక్కుల పత్రం మీకు ఇవ్వాలి. ధర కుదరకపోతే ముగ్గురు కమిషనర్లు విని లెక్కగడతారు. అదీ నచ్చకపోతే కోర్టుంది.

నాలుగోది, ఏటా వచ్చే చిన్న ఊరట. రోడ్డు వల్ల విలువ తగ్గిందని మీ నమ్మకమైతే కౌంటీ అప్రైజల్ కార్యాలయంలో అభ్యంతరం పెట్టండి. టెక్సస్‌లో మే 15 లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది గడువు. పరిహారం రాకపోయినా లేని విలువకు పన్ను కట్టకుండా ఉండొచ్చు.

చివరగా మా స్నేహితురాలి సంగతి. మొన్న వాళ్లింటికి మళ్లీ వెళ్లాను. ముందు రోజు రాత్రి బాగా వాన పడింది. చప్పుడు వినిపించడానికి పెరట్లోకి తీసుకెళ్లింది. నాకు కనిపించింది మాత్రం కంచె పొడవునా నిలిచిన నీళ్లు. కొత్త రోడ్డు పాతదానికంటే ఎత్తుగా ఉంది, వాలు ఇటువైపు ఉంది. "ఇది ఎప్పటినుంచి" అంటే, "రోడ్డు ఎత్తు చేసినప్పటినుంచి, వాన పడితే ఇంతే, రెండ్రోజుల్లో ఇంకిపోతుంది" అని తేలిగ్గా అంది. ఇరుగుపొరుగు పెరళ్లు పొడిగానే ఉన్నాయి. నాలుగు నెలలుగా ఆవిడ మోత గురించి ఫోన్లు చేస్తోంది. నీళ్ల గురించి ఒక్క ఉత్తరం కూడా రాయలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని తేదీలతో ఫొటోలు సర్దాం, గోడ దగ్గర నీటి లోతు కొలిచి రాసుకున్నాం, కౌంటీ ఇంజినీరు కార్యాలయానికి రసీదు వచ్చేలా ఉత్తరం రాశాం. ఇక నుంచి కౌంటీకి తెలియదని చెప్పడానికి ఉండదు. బహుశా వాళ్లే వచ్చి ఒక కాలువ తవ్వి పోతారు, అంతకంటే కావలసింది లేదు. తవ్వకపోతే ఆవిడ చేతిలో కాగితం ఉంటుంది. వచ్చే వారం లాయరుతో మాట్లాడే రోజు కూడా ఖాయం చేసుకుంది. వాళ్లాయన గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. అయినా ఉత్తరం మీద ఇద్దరూ సంతకం పెట్టారు.